విషయం: 38 రోజులుగా మీరు పట్టించుకోని నా టేప్ మెషీన్ ప్లగిన్ లైసెన్స్

కడప,
మార్చి 27.

కస్టమర్ సపోర్ట్ విభాగం పెద్దలకు,

నమస్కారం. ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో ఇప్పటికి పదకొండు మెయిళ్లు పెట్టాను, ఒక్కటైనా చివరిదాకా చదివినట్టు మీ జవాబుల్లో కనిపించలేదు. ఇక నా భాషలోనే, మనసులో ఉన్నది ఉన్నట్టు రాస్తాను, ఎవరితోనైనా చదివించుకోవడం మీ పని. మీకొక్కరికే చెప్పి చెప్పి విసిగిపోయాను కాబట్టి దీన్ని పదిమందికీ కనిపించేలా పెడుతున్నాను.

నేనెవరో మీవాళ్లు ఒక్కరూ అడగలేదు, నేనే చెప్తాను. కడప ఎర్రముక్కపల్లెలో మా ఇంటి మేడ మీద గదిలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. భజన పాటలు, జానపదాలు, పెళ్లి పాటలు, కుర్రాళ్లు తీసే షార్ట్ ఫిల్ములకు సౌండ్, ఏది వస్తే అది చేస్తాను. 2017లో మొదటిసారి చేతిలో నాలుగు డబ్బులు మిగిలినప్పుడు మీ కంప్రెసర్ కొన్నాను, అంటే పాటలో శబ్దం హెచ్చుతగ్గులు సర్దే సాఫ్ట్‌వేర్. తర్వాత గొంతుకు గుడిలో పాడినట్టు మోత ఇచ్చే రివర్బ్ కొన్నాను, పై శబ్దం, అడుగు శబ్దం పెంచి తగ్గించే ఈక్వలైజర్ కొన్నాను. మా చుట్టుపక్కల అందరూ క్రాక్ చేసినవి వాడుతుంటే, "కడపలో కూర్చుని ఒరిజినల్ ఎవడు కొంటాడ్రా" అని స్నేహితులు నవ్వుతుంటే, కష్టపడి తయారుచేసినవాళ్లకు వాళ్ల డబ్బు పోవాలని కొన్నాను. నా దగ్గర మిక్సింగ్ నేర్చుకున్న ముగ్గురు పిల్లల చేత కూడా కొనిపించాను. పోయిన దీపావళి సేల్‌లో ఈ టేప్ మెషీన్ ప్లగిన్, అంటే పాత టేపు రికార్డర్ శబ్దాన్ని కంప్యూటర్‌లో తెచ్చే చిన్న సాఫ్ట్‌వేర్, తీసుకున్నాను. ప్లగిన్‌కు వంక పెట్టను. మంచి ప్లగిన్, ఆ మాట ఇప్పుడు కూడా అంటాను.

అసలు సమస్య రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఫిబ్రవరి 14 రాత్రి కరెంటు హెచ్చుతగ్గులకు నా కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్తది వేయించాను. ప్లగిన్ తెరిస్తే, ఈ లైసెన్స్ వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉంది అంటోంది. మీరు మీ వైపు నుంచి ఆ పాత కంప్యూటర్ పేరు తీసేస్తే అయిపోతుంది. ఒక్క నిమిషం పని.

ఆ ఒక్క నిమిషం పనికి మీరు నన్ను ఎట్లా తిప్పారో వినండి.

ఫిబ్రవరి 17న మొదటి మెయిల్ పెట్టాను. కొన్న రసీదు, ఆర్డర్ నంబరు, ఎర్రర్ ఫోటో, కాలిపోయిన బోర్డు ఫోటో, కొత్త బోర్డు బిల్లు, అన్నీ జత చేశాను. రెండు పనిదినాల్లో స్పందిస్తాం అని నిమిషంలో ఆటోమేటిక్ జవాబు వచ్చింది. ఐదో రోజున ఒకాయన రాశాడు: రసీదు పంపండి, ఎర్రర్ ఫోటో పంపండి. అవి నా మెయిల్ కిందనే ఉన్నాయి, వేలు కిందికి జరిపితే కనిపిస్తాయి. సరే అని మళ్లీ పంపాను. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నాడు, మూడుసార్లు చేశాను. వీడియో తీసి పంపమన్నాడు, తీశాను. వీడియో సైజు ఎక్కువైందని మీ పేజీ తీసుకోలేదు, తగ్గించి పంపాను. మార్చి 1న ఒక మెయిల్ వచ్చింది. అమ్మయ్య అనుకుని తెరిస్తే, మీ సమస్య పరిష్కారమైంది కాబట్టి టికెట్ మూసేస్తున్నాం, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని ఉంది. నాకు చేతులు వణికాయి. పరిష్కారమైందని ఎవరు చెప్పారండీ మీకు?

రెండో టికెట్ తెరిచాను. ఈసారి వేరే మనిషి, మళ్లీ మొదటి నుంచి. అర్థమవుతుందని కొంచెం వివరంగా రాశాను: సెషన్‌లో 14 ట్రాకుల మీద, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతులు, వాయిద్యాల మీద, ఈ ప్లగిన్ 15 ఐపీఎస్‌లో పెట్టుకున్నాను, లైసెన్స్ లేక 14 చోట్లా పనిచేయడం లేదు, పాట మొత్తం ఆగిపోయింది అని. మూడు రోజులకు జవాబు వచ్చింది. మీ ఇంటర్నెట్ స్పీడు 15 ఉంది కాబట్టి అది సరిపోతుందట, రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ వేయాలట.

ఐపీఎస్ అంటే టేపు సెకనుకు ఎన్ని అంగుళాలు కదులుతుంది అనే లెక్క. మీ ప్లగిన్ ముఖం మీదనే 7.5, 15, 30 అని మీరే రాసి పెట్టిన మీట ఉంది. మా ఊళ్లో ఆకాశవాణి కేంద్రంలో స్పూల్ టేపుల మీద పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, నాకు గురువు. రోజూ పొద్దున దూదితో స్పిరిట్ పెట్టి, మెషీన్‌లో టేపు తాకే హెడ్లు తుడవడంతోనే ఆయన డ్యూటీ మొదలయ్యేదట. స్పీడు 30కి పెంచితే పై శబ్దాలు శుభ్రంగా వస్తాయి, బుస తగ్గుతుంది, కానీ 15లో అడుగు శబ్దం కాస్త ఉబ్బి డోలక్‌కు నిండుతనం వస్తుంది, ఏది కావాలో పాటను బట్టి చూసుకో అని నాకు చెప్పింది ఆయనే. ఎనభై ఏళ్ల మనిషికి ఉన్న ఆ జ్ఞానాన్ని ప్లగిన్‌లో పెట్టి అమ్ముకుంటున్న కంపెనీ, టేపు స్పీడంటే ఏమిటో తెలియని పిల్లవాణ్ని తెచ్చి ఫిర్యాదుల దగ్గర కూర్చోబెట్టింది. ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. నేర్పకుండా కూర్చోబెట్టిన మీదే తప్పు.

తర్వాత చాట్. మీ చాట్ తెరిచేది మాకు రాత్రి పదిన్నర తర్వాత. పగలంతా పని చేసుకుని, రాత్రి కాఫీ తాగి, మీ వరుసలో 23వ వాడిగా కూర్చున్నాను. గంటన్నర తర్వాత, మీరు ఏమీ టైప్ చేయలేదు కాబట్టి చాట్ ముగిస్తున్నాం అని అదే మూసుకుంది. వరుసలో ఉన్నవాడు ఎవరికి ఏం టైప్ చేయాలి? మరుసటి రాత్రి మళ్లీ కూర్చున్నాను. పన్నెండు నలభైకి ఒకావిడ వచ్చింది. నేను చెప్పిన ప్రతి మాటకూ మీ ఓపికకు ధన్యవాదాలు అంది. చివరికి, లైసెన్సులు చూసే విభాగం వేరే, వాళ్లకు పంపుతాను అని ఇంకో నంబరు ఇచ్చింది. అది మూడో టికెట్.

లైసెన్సుల విభాగంవాళ్లు, మీరు మా దగ్గర కొనలేదు, అమ్మినవారిని అడగండి అన్నారు. మన దేశంలో మీ సరుకు అమ్మే డీలర్‌కు ఫోన్ చేశాను. ఆయన కనీసం ఫోన్ ఎత్తి మర్యాదగా మాట్లాడాడు. "అన్నా, మేము కోడ్ అమ్ముతాం అంతే, యాక్టివేషన్ అంతా వాళ్ల చేతుల్లోనే ఉంటుంది, మీకు మెయిల్‌లో రాసిస్తాను చూపించండి" అని రాసి కూడా ఇచ్చాడు. అది మీకు పంపాను. దానికి మీ జవాబు ఏమిటో తెలుసా? పాత కంప్యూటర్ ఆన్ చేసి, ప్లగిన్ తెరిచి, డీయాక్టివేట్ బటన్ నొక్కండి.

పాత బోర్డు కాలిపోయిందండీ! మొదటి మెయిల్ నుంచి అదే కదా చెప్తున్నాను! ఫోటో పంపాను కదా, నల్లగా మాడిపోయిన ఫోటో. అదే మాట మళ్లీ రాస్తే మళ్లీ అదే జవాబు, అక్షరం తేడా లేకుండా. మూడోసారి రాస్తే, పాత కంప్యూటర్‌ను రిపేరు చేయించుకుని అయినా బటన్ నొక్కాలి, అది మా నియమం అన్నారు. కంప్యూటర్ రిపేరు చేసే కుర్రాడికి ఆ మెయిల్ చూపించాను. చదివి కాసేపు నా ముఖం చూశాడు, వాడికి ఏం చెప్పాలో తోచలేదు. ప్లగిన్ ఉన్న కంప్యూటర్ కాలిపోతే, దొంగలు ఎత్తుకుపోతే, వరదల్లో మునిగితే మనిషి ఏం చేయాలో మీ నియమంలో లేదా? ఇన్నేళ్లలో ఎవరి కంప్యూటరూ పోలేదా?

ఇంకొకాయన సాయం చేస్తున్నాననుకుని, ఈలోపు ఈక్వలైజర్‌తో పై శబ్దం తగ్గించుకుని పని కానిచ్చేయండి, అయినా 14 చోట్ల ఎందుకు, అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్‌లో ఒకటి పెట్టుకుంటే చాలు కదా అన్నాడు. దీనికి మాత్రం నేను జవాబు చెప్పి తీరాలి. నేను చేస్తున్నది సిద్ధవటం వైపు ఒక పల్లె చెక్కభజన బృందం పాటలు. పదహారు మంది చేతుల్లో చెక్కలు, వాటికి ఇత్తడి బిళ్లలు. అందరూ ఒక్క ఊపున కొడితే ఆ దెబ్బ మైకులో సూదిలా దిగుతుంది. ఈక్వలైజర్‌తో తగ్గిస్తే దెబ్బ పడినప్పుడూ పడనప్పుడూ ఒకేలా తగ్గి, చెక్కల్లో ప్రాణం పోతుంది, మట్టికుండ మీద కొట్టినట్టుంటుంది. టేపు అట్లా చేయదు. లెవెల్ పెరిగినప్పుడే, అందులోనూ పై శబ్దాల దగ్గర ముందుగా, టేపు నిండిపోయి దెబ్బ మెత్తబడుతుంది, దెబ్బ అయిపోగానే మళ్లీ మామూలుగా ఉంటుంది. దాన్ని మాస్టర్‌లో ఒక్కచోటే పెడితే చెక్కల దెబ్బకు భజన గురువుగారి గొంతు, హార్మోనియం కూడా నలిగిపోతాయి. అందుకే ఒక్కో ట్రాక్‌కు ఒక్కొక్కటి పెట్టి, కంప్యూటర్ మీటర్ మైనస్ 18 దగ్గర ఉన్నప్పుడు టేపు మీటర్ సున్నా (సున్నా వీయూ) చూపేలా లెవెళ్లు చూసుకుని, ట్రాకులు రెట్టింపైన ప్రతిసారీ బుస 3 డెసిబెల్స్ పెరుగుతుంది కాబట్టి దాన్ని అన్నిచోట్లా ఆపుకుని, నాలుగు రాత్రులు కూర్చుని చేశాను. ఆ నాలుగు రాత్రుల పని ఇప్పుడు మీ తాళం వెనకాల ఉంది.

ఏప్రిల్ 6 శ్రీరామనవమి. ఈ పాటలు నవమికి ఊళ్లో మైకులో వేయాలని, తర్వాత ఒంటిమిట్ట కల్యాణానికి వచ్చే జనానికి పెన్‌డ్రైవుల్లో ఇవ్వాలని ఆ బృందం తలా ఇంత వేసుకుని నాకు డబ్బు కట్టింది. కూలి పనులకు పోయేవాళ్లు వాళ్లు. శివరాత్రికి పొలతలలో రాత్రంతా భజన చేసి, నిద్ర లేకుండా మరునాడే వచ్చి రెండు పాటలు పాడిపోయారు. పోయిన వారం వాళ్ల భజన గురువుగారు బస్సెక్కి వచ్చి, మెట్ల మీద కాసేపు ఆగి ఊపిరి తీసుకుని, "యాడికొచ్చినాయి నాయనా మా పాటలు?" అని అడిగాడు. ఆయనకు నేను ఏం చెప్పాలి? టికెట్ నంబరు చెప్పాలా? సిగ్గుతో తల దించుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్క పాట కూడా ఆలస్యం చేయలేదు నేను.

మార్చి 21న మీ దగ్గర నుంచి చివరి మెయిల్ వచ్చింది. కొత్త వెర్షన్ 40 శాతం తగ్గింపులో ఉంది, అది కొంటే కొత్త లైసెన్స్ వస్తుంది, మీ సమస్య తీరుతుంది అని. అదే రోజు సాయంత్రం మూడో టికెట్ కూడా మూసేశారు. డబ్బు పెట్టి కొన్న వస్తువును మీరే తాళం వేసి, తాళం తీయడానికి మళ్లీ డబ్బు అడుగుతున్నారు. ఆ మెయిల్ చదివినప్పుడు వచ్చినంత కోపం బోర్డు కాలిపోయినప్పుడు కూడా రాలేదు. అది కరెంటు. మీరు మనుషులు.

ఇప్పుడు నా మాట వినండి. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. బయటి దేశపు కంపెనీ అయినా ఇక్కడివారికి పద్ధతిగా అమ్ముతుంటే ఆ నియమాలు వర్తిస్తాయి. నెల ఎప్పుడో దాటింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే, ఇక్కడ కడపలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు కొన్నవాటికి ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను, ఫిర్యాదు నమోదైంది. కేసుకు కాగితాలు కూడా సిద్ధం చేసుకుంటున్నాను. మీ పదకొండు జవాబులూ ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను, రౌటర్ ఆపి వేయమన్నది అన్నిటికన్నా పైన ఉంది. లైసెన్స్ విడిచిపెట్టండి, సరే, అది మీరు చేసి తీరాల్సిన పని. కానీ అంతటితో వదలను. 2017 నుంచి కొన్నవన్నీ వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేయమని అడుగుతాను. నా ముగ్గురు పిల్లలకూ చెప్తాను, రాయలసీమలో నాకు తెలిసిన ప్రతి స్టూడియోకూ చెప్తాను. లేదంటే మీలో పెద్దవారు ఎవరైనా ఫోన్ చేసి, మొదటి మెయిల్ నుంచి అన్నీ చదివాను, తప్పు జరిగింది అని ఒక్క మాట చెప్పండి. నిజానికి నాకు ముందు కావాల్సింది అదే.

నవమికి ఇంక పది రోజులే ఉంది. పగలు పది నుంచి రాత్రి తొమ్మిది దాకా స్టూడియోలోనే ఉంటాను, నా నంబరు మూడు టికెట్లలోనూ ఉంది. ఈ ఉత్తరానికి కూడా రెండు పనిదినాల్లో స్పందిస్తాం అనే జవాబే వస్తే, మంగళవారం పొద్దున కమిషన్ ఆఫీసు తెరిచేసరికి నేను అక్కడ ఉంటాను.

ఇట్లు,
2017 నుంచి మీ సరుకు డబ్బు పెట్టి కొంటున్న వినియోగదారుడు,
ఎర్రముక్కపల్లె, కడప.