సంతకం పెట్టే ముందు ఆ పేజీ చదువు

భీమవరం

ప్రియ మిత్రమా,

ఇక్కడ మూడు రోజులుగా వాన. యనమదుర్రు నిండుగా పారుతోంది, చెరువుల్లో ఏరేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉన్నాయి. నీ ఫోను వచ్చినప్పటి నుంచి నా ధ్యాసంతా అమెరికాకు రొయ్యలు అమ్మే నీ కాంట్రాక్టు మీదే ఉంది. బీమా పేజీని "మామూలు షరతులే" అని తేల్చేశావు. నాకు మాత్రం అది మామూలుగా అనిపించలేదు.

నీ జనరల్ లయబిలిటీ పాలసీలో, అంటే ఇతరులకు జరిగిన హానికి పరిహారమిచ్చే బీమాలో, తమను అడిషనల్ ఇన్సూర్డ్‌గా (అదనపు బీమాదారుగా) చేర్చమని అక్కడి కొనుగోలుదారులు అడుగుతున్నారు. నీ రొయ్యలు తిని జబ్బు పడ్డామని అక్కడ ఎవరైనా దావా వేస్తే, వాళ్ళ లాయరు ఖర్చూ పరిహారమూ నీ పాలసీయే భరించాలన్నమాట. ఆ కోరికలో తప్పు లేదు. సరుకు అమ్మేది వాళ్ళు, కోర్టుకు ముందుగా దొరికేదీ వాళ్ళే. ఇలా సరుకు అమ్మేవారి కోసం అమెరికాలో వాడే ఎండార్స్‌మెంటు, అంటే పాలసీకి జత చేసే సవరణ పత్రం, సీజీ 20 15 అనే ఫారం. భవన నిర్మాణ కాంట్రాక్టుల్లో వాడే సీజీ 20 10 వేరు. నీకు ఏది రాసి ఇస్తున్నారో ముందు అది చూసుకో.

అసలు చిక్కు మినహాయింపుల్లో ఉందిరా. కొన్నవాడు సరుకు విప్పి మళ్ళీ ప్యాక్ చేస్తే ఆ ఎండార్స్‌మెంటు రక్షణ ఇవ్వదు. తనిఖీ కోసమో పరీక్ష కోసమో విప్పి, తిరిగి అదే పెట్టెలో పెడితే ఫరవాలేదు. సొంత లేబుల్ వేసినా, వేరే వంటకంలో కలిపినా రక్షణ పోతుంది. నీ కొనుగోలుదారు చేసేది అదే కదా! నీ దగ్గర గడ్డకట్టిన దిమ్మలు కొని, కరిగించి, మసాలా పట్టించి, తన పేరున్న సంచుల్లో నింపుతాడని నువ్వే చెప్పావు. కాంట్రాక్టేమో "అన్ని దావాలకూ" అంటోంది. ఆ రెండింటి మధ్య తేడాకు నీ ఇల్లూ చెరువులూ పూచీ పడతాయి.

బీమా ఉందని చూపే సర్టిఫికెట్ చూసి నిశ్చింతగా ఉండకు. నేను ముందు పనిచేసిన ప్లాంటులో క్లెయిము వచ్చిన రోజు యజమాని సర్టిఫికెట్‌ను బల్ల మీద పరిచి, కొనుగోలుదారు పేరున్న గడి మీద వేలు పెట్టి చూపించారు. వేలు చెమటకు సిరా చెదిరింది. ఆ కాగితం మీదే సన్నని అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఇది సమాచారం కోసమే, ఏ హక్కూ ఇవ్వదు అని. పాలసీకి ఎండార్స్‌మెంటు జత చేయనే లేదు. ఆయన కుర్చీలో కూలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

ఇంకొకటి. పాలసీలో అమెరికా కోర్టుల పరిధి చేర్చి ఉందా? మన దగ్గర ఇచ్చే చాలా పాలసీలకు అది విడిగా అడిగి, ఎక్కువ ప్రీమియం కట్టి తీసుకోవాలి. అది లేకపోతే మిగతా కాగితాలు ఎన్ని ఉన్నా అక్కడ వేసిన దావాకు అక్కరకు రావు. యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని కంటైనరును వెనక్కి పంపితే ఆ నష్టానికి ఈ పాలసీ డబ్బివ్వదు. సరుకు వెనక్కి తెప్పించే ఖర్చుకు వేరే బీమా తీసుకోవాలి.

ఆదివారం నరసాపురం వస్తున్నాను. పాలసీ, కాంట్రాక్టు రెండూ పక్కపక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చూద్దాం. "అన్ని దావాలు" అనే చోట "ఎండార్స్‌మెంటు పరిధిలో ఉన్నంతవరకు" అని మార్పించాలి. వాళ్ళు ఒప్పుకోకపోతే మళ్ళీ ప్యాక్ చేసిన సరుకుకూ వర్తించేలా బీమా కంపెనీ చేత రాయించాలి. అప్పటిదాకా సంతకం పెట్టకు. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
చిన్ననాటి స్నేహితుడు