ఆదివారం మూడు రోజుల సేద్యం

అమ్మానాన్నలకు, ఇంట్లో ఉన్న తాతయ్యలకు, నానమ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు అయ్యాక బడి తెరిచిన మొదటి వారంలోనే ఆరుగురు తల్లులు నా గదికి వచ్చారు. ఆరుగురిదీ ఒకటే బాధ. "మేడం, సెలవులన్నీ గేములతోనే అయిపోయాయి. అన్నం పెట్టినా తల ఎత్తడు. మీరు గట్టిగా చెప్తే వింటాడు." నేను వాళ్ల మాట పూర్తిగా విని, "నేను కూడా ఇంట్లో గేమ్ ఆడతానండీ" అన్నాను. ఒకావిడ ఏమనాలో తెలియక ఊరుకున్నారు. అప్పుడు బెల్ కొట్టేశారు, మిగతా మాట చెప్పడానికి వీలు కాలేదు. ఆ మాటే ఈ నెల ఉత్తరం.

నేను ఆడే ఆట పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. మా అబ్బాయి పై చదువుకు వెళ్తూ తన పాత కంప్యూటర్ ఇంట్లో వదిలి వెళ్లాడు, అందులో ఉంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుంటాను. మిగతా వారం దాని జోలికి పోను. నేను గొప్పగా ఆడేదాన్నేమీ కాదు, అంత బాగా ఆడాలన్న కోరిక కూడా లేదు. ఆ కాసేపూ హాయిగా ఉంటుంది, అంతే.

ఆట ఎలా మొదలవుతుందంటే, తాత చనిపోతూ మనవడి చేతికి ఒక ఉత్తరం ఇస్తాడు. కొన్నేళ్లకు, ఆఫీసు కుర్చీలో విసిగిపోయిన మనవడు ఆ ఉత్తరం విప్పుతాడు. అందులో పల్లెలో ఉన్న తాతగారి పొలం పత్రం ఉంటుంది. అక్కడికి వెళ్తే అంతా కలుపు, రాళ్లు, మొద్దులు. వాటిని తీసి, నేల దున్ని, విత్తనం వేసి, నీళ్లు పోసి పంట తీయాలి. ఊళ్లో వాళ్లతో స్నేహం చేయాలి. వాన పడితే నీళ్లు పోయనక్కర్లేదు, ఆ రోజు చేపలు పట్టుకోవచ్చు. రేపు వాన ఉందో లేదో తెలియాలంటే ఆటలోని ఇంట్లో ఉన్న టీవీ పెట్టి వాతావరణం చూడాలి.

ఇదంతా ఎరిక్ బరోన్ అనే అమెరికా కుర్రాడు ఒక్కడే చేశాడు. బొమ్మలు గీయడం, సంగీతం కూర్చడం, ప్రోగ్రాం రాయడం, పాత్రల మాటలు రాయడం అన్నీ తనే. నాలుగున్నరేళ్లు పట్టింది. ఖర్చులకు సియాటిల్‌లో ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్ పని చేస్తూ 2016 ఫిబ్రవరిలో ఆటను విడుదల చేశాడు. అతనికి స్ఫూర్తి 1996లో జపాన్‌లో వచ్చిన హార్వెస్ట్ మూన్ అనే ఆట. దాన్ని రూపొందించిన యసుహిరో వాడా పల్లెటూరిలో పెరిగి టోక్యో వచ్చిన మనిషి, ఊరి మీద బెంగతోనే ఆ ఆట చేశాడు. మన పిల్లల్లో చాలామంది నాన్నలు కూడా పొలం వదిలి రాజమండ్రి వచ్చినవాళ్లే కదా. అందుకే ఈ కథ చదివినప్పుడు నాకు మనసులో తడి అనిపించింది.

ఇప్పుడు మా మామయ్యగారి సంగతి చెప్పాలి. ఆయన కోనసీమలో కాలువ కింద మూడెకరాలు నలభై ఏళ్లు చేశారు. సార్వా, దాళ్వా తప్ప ఆయనకు వేరే క్యాలెండర్ లేదు. మోకాళ్లు సహకరించక మా దగ్గరికి వచ్చారు. వచ్చిన కొత్తలో పొద్దున్నే లేచి వరండాలో కూర్చుని ఏం తోచక వీధి చూసేవారు. నన్ను ఆ బాధ ఎప్పుడూ పట్టుకుని ఉండేది. ఒక ఆదివారం నేను ఆడుతుంటే వెనక నిలబడి, "ఏమిటమ్మా అది, పొలమా?" అన్నారు. కుర్చీ లాగి పక్కన వేశాను.

ఆ రోజు నా పొలంలో కాలీఫ్లవర్ ఉంది. ఆ ఆటలో ఏడాదికి నాలుగు ఋతువులు, ఒక్కో ఋతువుకు 28 రోజులు. కాలీఫ్లవర్ 12 రోజుల పంట. నేను వసంతంలో 20వ తేదీన వేశాను. వేసవి మొదటి రోజు పొద్దున లేచేసరికి మొత్తం ఎండిపోయింది. వసంతం పంట వేసవిలో బతకదు. మామయ్యగారు కాసేపు ఆ ఎండిన మొక్కల్ని చూసి, "అదును చూసుకోవాలి కదమ్మా. ఇరవయ్యో తారీకున పన్నెండు రోజుల పంట ఎలా వేశావు?" అన్నారు. అంతవరకు ఆ లెక్క నాకు తట్టలేదు. ఆట గురించి ఒక్క ముక్క తెలియని మనిషి, స్క్రీన్ మీద పది నిమిషాలు చూసి పట్టుకున్నారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం రెండు గంటలకల్లా ఆయన కుర్చీలో ఉంటారు. కాకులు పంట తింటున్నాయని నేను దిష్టిబొమ్మ పెడితే, దాని ప్రభావం ఎంత దూరం ఉంటుందని అడిగారు. ఆటలో నేలంతా గళ్లుగా ఉంటుంది, బొమ్మ చుట్టూ ఎనిమిది గళ్ల దూరం దాకా అన్నాను. అయితే చివరన కాకుండా మడి మధ్యలో పెట్టమన్నారు. "వరి లేదా?" అని మొదటి రోజు నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఉంది. 2019లో ఒక అప్‌డేట్‌లో చేర్చారు. ఆటలో రెండో ఏడు నుంచి అంగడిలో అమ్ముతారు, అదీ గింజగా కాకుండా నారుగా. మామూలుగా ఎనిమిది రోజుల పంట, చెరువు పక్కన మూడు గళ్ల లోపల నాటితే ఆరు రోజులకే వస్తుంది, నీళ్లు పోసే పని కూడా లేదు. ఇది చదివి వినిపించినప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. "నారు అని తెలిసినవాడే చేశాడమ్మా దీన్ని" అన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన నాకు నారుమడి కట్టడం, ఊడ్పులకు మనుషులు దొరకని ఏడు, తుపానుకు పనలు తడిసి మొలకెత్తిన ఏడు, అన్నీ చెప్పారు. ఆ ఇంటికి కోడలినై ఇన్నేళ్లయినా ఆ కథలు నేను వినలేదు.

మీ పిల్లలు ఆట గురించి మీతో ఏమైనా చెప్పబోతే ఒక్కసారి వినండని నేను అడిగేది ఇందుకే.

మన ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఇదే ఆట ఆడతాడని తెలిసి, ఒక రోజు మధ్యాహ్నం భోజనం బెల్‌లో ఆపి అడిగాను, మొదట్లో ఏ పంట వేస్తావని. వాడు లెక్క చెప్పాడు. పార్స్‌నిప్ అని ముల్లంగి లాంటి దుంప ఉంది. ఆట డబ్బుల్లో విత్తనం 20, అమ్మితే 35, నాలుగు రోజుల పంట. కాలీఫ్లవర్ విత్తనం 80, అమ్మితే 175, పన్నెండు రోజులు. ఒకే గడిలో చూస్తే పన్నెండు రోజుల్లో పార్స్‌నిప్ మూడుసార్లు వేసి 45 మిగులుతుంది, కాలీఫ్లవర్ మీద 95. "కానీ మేడం, చేతిలో 80 మాత్రమే ఉంటే నాలుగు పార్స్‌నిప్ వేస్తాను. నాలుగు రోజులకే 140 వస్తుంది. దాంతో ఏడు వేస్తాను." పెట్టుబడి, గడువు, నేల, శ్రమ అన్నీ ఒక్క జవాబులో పెట్టాడు. ఇదే పిల్లవాడు లెక్కల పరీక్షలో లాభనష్టాల దగ్గర మార్కులు పోగొట్టుకున్నాడు. పాఠం మేం వాడికి అందేలా చెప్పలేదని నాకు అర్థమైంది. లెక్కల మాస్టారితో కూర్చుని మాట్లాడాను. ఈ నెల ఆ అధ్యాయం పొలం లెక్కలతోనే మొదలవుతోంది.

ఇక ఆరుగురు తల్లులూ చెప్పిన అసలు గొడవ. పిలిస్తే రారు. "ఒక్క నిమిషం" అంటారు, ఆ నిమిషం అరగంట అవుతుంది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, మా ఇంట్లోనూ ఈ గొడవ జరిగింది. మా అబ్బాయి పదో తరగతిలో ఉండగా నేను ఒకసారి విసురుగా వెళ్లి స్విచ్ ఆపేశాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మొండితనం అనుకున్నాను. వాడు ఏం పోగొట్టుకున్నాడో నేను ఆడడం మొదలుపెట్టాకే తెలిసింది.

నేను ఆడే ఆటలో ఒక రోజు అంటే మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు. కంప్యూటర్‌లో ఆడేటప్పుడు రాత్రి పడుకుంటేనే ఆ రోజు చేసిన పని సేవ్ అవుతుంది. మధ్యలో ఆపితే ఆ రోజు చేసిందంతా పోతుంది. మైన్‌క్రాఫ్ట్ అనే ఇంకో ఆటలో పగలూ రాత్రీ కలిపి 20 నిమిషాలు. ఒక్కరే ఆడుతుంటే ఆపి అన్నానికి రావచ్చు, స్నేహితులతో కలిసి ఆడుతుంటే ఆట ఆగదు. నలుగురు జట్టుగా ఆడే ఆన్‌లైన్ ఆటల్లో ఒకడు మధ్యలో లేచిపోతే మిగతా ముగ్గురూ దెబ్బతింటారు, మర్నాడు క్లాసులో వాళ్ల మాటలు పడాలి. ఆ టెన్షన్ పిల్లలకు నిజంగా ఉంటుంది. మా చిన్నప్పుడు మా తమ్ముడు టీవీకి తగిలించుకునే గేమ్‌లో మారియో ఆడేవాడు. మొత్తం 32 లెవెల్స్, ఎక్కడా సేవ్ లేదు. ఆఖరి దాకా వెళ్లాక కరెంటు పోయి వాడు ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. ఆ రోజు అమ్మ వాడిని తిట్టలేదు, తల నిమిరింది. అదే నష్టం మన చేత్తో స్విచ్ ఆపి తెచ్చినప్పుడు పిల్లలకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

కాబట్టి అన్నానికి పిలవడానికి ఇరవై నిమిషాల ముందు పక్కకు వెళ్లి "ఇది ఎక్కడ ఆపొచ్చు?" అని అడగండి. వాళ్లు చెప్తారు. చెప్పిన చోట ఆపమనండి, అక్కడ మాత్రం గట్టిగా ఉండండి. నా వరకు నేను గంటలు లెక్కపెట్టను, మూడు రోజులు ఆడతాను. ఆటలో మూడు రోజులంటే దాదాపు 42 నిమిషాలు. మూడో రాత్రి పడుకోగానే కంప్యూటర్ కట్టేస్తాను. మామయ్యగారికి కూడా అది అలవాటైపోయింది, "ఇదే ఆఖరి రోజా?" అని అడుగుతారు.

భయపడాల్సిన విషయాలు కూడా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో డబ్బు పందెం పెట్టి ఆడే ఆటలు ఏ రూపంలోనూ ఇంట్లోకి రానివ్వకండి. తెలంగాణ 2017లో, మన ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఉచితం అని చెప్పే ఆటల్లో కూడా బట్టలు, తుపాకులు, డైమండ్లు అంటూ కొనిపిస్తారు, ఫోన్ పే పిన్ పిల్లలకు చెప్పకండి. ప్లే స్టోర్‌లో ప్రతి ఆట దగ్గర 3+, 7+, 12+ అని వయసు అంకె ఉంటుంది, దించుకునే ముందు అది చూడండి. నేను ఆడే ఆటలో కూడా ఒక బార్, ఒక జూదం గది ఉన్నాయి. చిన్నపిల్లలైతే పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

ఎంతసేపు ఆడితే జబ్బు అని చాలామంది అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల పట్టికలో చేర్చింది. అందులో గంటల లెక్క ఏమీ లేదు. ఆట మీద అదుపు పోవడం, తిండీ నిద్రా చదువూ అన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్లకు కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇది సాధారణంగా ఏడాది పాటు సాగడం, ఇవీ వాళ్లు చెప్పిన గుర్తులు. ఏడాది దాకా ఆగకండి. నిద్ర తగ్గినా, స్నేహితులకు దూరమైనా వెంటనే నా దగ్గరికి రండి, తలుపు వేసుకుని మాట్లాడుకుందాం. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడినంత మాత్రాన ఆ మాట అనేయకండి.

ఈ నెల ఆరు నుంచి పది తరగతుల పిల్లలకు ఒక పని ఇస్తున్నాం. ఇంట్లో తాము ఆడే ఆట ఏమిటో, ఎలా ఆడాలో, అందులో తమకు నచ్చేదేమిటో తాతయ్యకో నానమ్మకో అర్థమయ్యేలా తెలుగులో ఒక పేజీ రాయాలి. ఫోన్ లేని ఇళ్ల పిల్లలు అష్టాచెమ్మా, వామనగుంటలు, క్రికెట్, దేని గురించైనా రాయవచ్చు. రాసింది పెద్దవాళ్లకు చదివి వినిపించి, వాళ్లు అడిగిన ఒక ప్రశ్న కింద రాసి, సంతకం పెట్టించుకుని రావాలి. "రీస్పాన్‌కు తెలుగులో ఏమనాలి మేడం" అని ఏడో తరగతి అమ్మాయిలు ఇప్పటికే అడిగారు. "చచ్చి మళ్లీ లేవడం" అని రాసుకోమన్నాను.

వచ్చే నెల మొదటి శనివారం పొద్దున పది గంటలకు కంప్యూటర్ గదిలో ఆ పేజీలన్నీ గోడకు పెడతాం. పిల్లలు తమ ఆట ఆడి చూపిస్తారు. ఇంటికొక పెద్దవాళ్లయినా రండి. మెట్లు ఎక్కలేనివాళ్ల కోసం కింద ఒకటో తరగతి గదిలో ఒక కంప్యూటర్ పెట్టిస్తున్నాం. మా మామయ్యగారు ఆ గదిలో ఉంటారు. ఇప్పుడు మా పొలంలో వసంతం నడుస్తోంది, ఆ రోజుకు వరి కోతకు వచ్చేలా చూసుకోమని నాకు తారీకు లెక్క కట్టి ఇచ్చారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు