పైన ఉండాల్సిన అంకెలు కిందికి దిగాయి

సంపాదకుడు గారికి, నమస్కారం.

మొన్న ఆదివారం మీ విద్యార్థుల పేజీలో ‘ప్రపంచంలోనే అతి పెద్ద ప్రధాన సంఖ్య’ అని వచ్చిన చిన్న వార్తను తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంది. కాసేపటికి వచ్చి, ‘‘తాతయ్యా, ఇది ప్రధాన సంఖ్య ఎలా అవుతుంది? చివర సున్నా వస్తోందిగా!’’ అంది. చూస్తే మీరు అచ్చు వేసింది 2136279841–1. ఒకటి తీసేస్తే 2136279840. పదితో నిశ్శేషంగా పోతుంది. ఒకటితో, తనతో తప్ప మరే సంఖ్యతోనూ అలా పోనిదేగా ప్రధాన సంఖ్య!

అసలు సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹–1. 2కు పైన చిన్నగా ఉండాల్సిన ఘాతాంకం (ఎన్ని రెళ్లను గుణించాలో చెప్పే సంఖ్య) కిందికి దిగి దాని పక్కన చేరిపోయింది. దాంతో 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెల సంఖ్య కాస్తా పదంకెలదైపోయింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

దాని చివరి అంకె ఏమిటో మేమిద్దరం కాగితం మీదే తేల్చాం. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6, మళ్లీ 2... ఇలా తిరుగుతుంటాయి. ఈ ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 1. అంటే ఘాతం 2తో ముగుస్తుంది. ఒకటి తీస్తే 1. నాలుగు కోట్ల పైచిలుకు అంకెల్లో ఆఖరిది పిల్ల చేతికి చిక్కింది!

శీర్షికలో ‘ఇప్పటివరకు తెలిసినవాటిలో’ అన్న మాట కూడా ఉండాలి. ప్రధాన సంఖ్యలకు అంతులేదని ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ఎప్పుడో నిరూపించాడు. ఇది 2024 అక్టోబరులో అమెరికాకు చెందిన ల్యూక్ డ్యూరంట్ కనిపెట్టినది; తెలిసిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో, అంటే 2 ఘాతంలోంచి ఒకటి తీస్తే వచ్చే ప్రధాన సంఖ్యల్లో, 52వది.

ఇంత పెద్దదాన్ని ఎలా పరీక్షించారో నాలుగు వాక్యాల్లో రాస్తే పిల్లలు ఇంట్లోనే చేసి చూసుకునేవారు. లూకాస్–లేమర్ పద్ధతిలో 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతాంకం కన్నా రెండు తక్కువ సార్లు అలా చేశాక సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 31కి, అంటే 2⁵–1కి: 4, 14, 8, 0. మూడడుగుల్లో అయిపోయింది. 127కి, అంటే 2⁷–1కి, మా మనవరాలు ఒక పేజీ నింపింది: 4, 14, 67, 42, 111. ఆ 111 వర్గం 12321, రెండు తీస్తే 12319. దాన్ని 127తో భాగిస్తే సరిగ్గా 97 సార్లు పోయి సున్నా మిగిలేసరికి దాని ముఖం చూడాలి! ఇలాంటి సంఖ్య ప్రధానం కావాలంటే దాని ఘాతాంకం కూడా ప్రధాన సంఖ్యే కావాలి, కానీ అంత మాత్రాన సరిపోదు. 11 ప్రధాన సంఖ్యే అయినా, 2¹¹–1 అంటే 2047, అది 23×89.

దయచేసి సవరణ వేయండి. పైన వేసే చిన్న అంకెలు మీ అచ్చులో కుదరకపోతే ‘13 కోట్ల 62 లక్షల 79 వేల 841 రెళ్లను గుణించి ఒకటి తీసేయాలి’ అని మాటల్లోనే రాయండి. అంటించిన ముక్క కింద మా మనవరాలు దానికోసం చోటు వదిలి ఉంచింది.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు