ఆన్‌లైన్ ఆటబల్ల: 2025 ఉగాది నుంచి దసరా వరకు జమా ఖర్చుల వివరణ

సభ్యులందరికీ నమస్కారం. హన్మకొండ, కాజీపేట, వరంగల్ దిక్కుల నుంచి వారం వారం ఆన్‌లైన్‌లో రోల్‌ప్లేయింగ్ ఆటకు (తలా ఒక పాత్ర వేసి పాచికలతో కథ నడిపే ఆట) కూర్చునే మన బృందం లెక్క ఇది. "ఉచితంగ దొరికేదానికి పైసలెందుకు పెట్టిన్రు", "ఇంట్ల కంప్యూటర్ ఉండంగ సర్వర్ కిరాయి ఏంది" అని కొందరు అడుగుతున్నరు. ఆ రెండింటికీ జవాబు కిందనే ఉంది. దయచేసి మొత్తం చదివి మాట్లాడగలరు.

జమ

పాత నిల్వ: రూ. 1,140
సభ్యుల చందా: రూ. 9,300
పేరు చెప్పవద్దన్న ఒక అన్న ఇచ్చింది: రూ. 1,000
పాత మినియేచర్లు, గళ్ల మ్యాట్ అమ్మగా వచ్చింది: రూ. 600
మొత్తం జమ: రూ. 12,040

తలకు 500 చొప్పున 22 మంది ఒప్పుకున్నరు కాబట్టి చందా 11,000 రావాలె. 18 మంది పూర్తిగా కట్టిన్రు, వారికి పేరుపేరునా ధన్యవాదాలు. ఒకరు 300 ఇచ్చి మిగతాది తర్వాత అన్నరు. ముగ్గురు ఇంకా ఏమీ ఇయ్యలేదు. బాకీ రూ. 1,700. పేర్లు ఇక్కడ రాస్తలేము.

ఖర్చు

ఫౌండ్రీ (మ్యాపు, పాచికలతో ఆన్‌లైన్‌లో ఆట నడిపే సాఫ్ట్‌వేర్) లైసెన్సు: రూ. 4,478
సర్వర్ (ఫౌండ్రీ నడిచే బయటి కంప్యూటర్) కిరాయి, ఆరు నెలలు, నెలకు 450: రూ. 2,700
కోట మ్యాప్, రెండు అంతస్తులు: రూ. 1,500
మైకున్న హెడ్‌సెట్లు 2: రూ. 1,300
డొమైన్ పేరు (మన వెబ్ అడ్రసు), ఒక ఏడాదికి: రూ. 849
తెలుగు రూల్స్ జిరాక్సులు, చాయ్, బిస్కెట్లు: రూ. 420
మొత్తం ఖర్చు: రూ. 11,247
చేతిలో నిల్వ: రూ. 793

హెడ్‌సెట్లు బృందానివి, మైకు లేని వారికి ఆట వరకే ఇస్తం, తిరిగి ఇయ్యాలె. జిరాక్సుల మీద ఒక మాట: మనం వాడే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ (అందరూ వాడుకునేందుకు ఇచ్చే ఉచిత అనుమతి) కింద ఉంది. మూలం పేరు చెప్తే తెలుగులో రాసి పంచుకోవచ్చు, అందుకే మూలం పేరు చెప్పే వాక్యం ప్రతి కాగితం అడుగున ఉంటది. తెలుగు అక్షరాలకు పైసా కాలేదు. ఫౌండ్రీ సెట్టింగులలో అదనపు ఫాంట్ల దగ్గర నోటో సాన్స్ తెలుగు అనే ఉచిత ఫాంటు ఎక్కిస్తే మ్యాప్ మీద రాసే పేర్లకు కూడా పనిచేస్తది.

ఇక లైసెన్సు. మూడు వీటీటీలు (ఆన్‌లైన్ ఆటబల్ల సాఫ్ట్‌వేర్లు) పక్కపక్కన పెట్టి చూసినం. ఔల్‌బేర్ రోడియో తేలిక. బ్రౌజర్‌లో లింకు తెరిస్తే చాలు, మ్యాపు, టోకెన్లు (పాత్రల బిళ్లలు), పొగమంచు (ఇంకా చూడని చోటును కప్పే తెర) ఉంటయి. ఒక్క సాయంత్రం ఆటకు ఇప్పటికీ మేము దానికే ఓటేస్తం. కానీ క్యారెక్టర్ షీటు, దెబ్బల లెక్క, మంత్రాల లెక్క మనమే చూసుకోవాలె. రోల్ 20లో ఇవన్నీ ఉన్నయి, సర్వర్ గోల లేదు. కానీ ఫైళ్లు దాచే చోటు పెరగాలంటే చందా కట్టాలె, ఆ చందా ఆట నడిచినన్నాళ్లు కడుతూనే ఉండాలె. ఫౌండ్రీకి ఒక్కసారి 50 డాలర్లు. ఆట నడిపేవారికి ఒక్కరికి లైసెన్సు ఉంటే చాలు, ఆడేవారు బ్రౌజర్‌లో ఉత్తగనే చేరొచ్చు. బ్యాంకు డాలర్ మార్పిడి రుసుము, దాని మీద జీఎస్టీ కలిపితే 4,478 అయింది. 22 మందికి పంచితే తలకు 204 రూపాయలు, అదీ ఒకే ఒక్కసారి.

ఏప్రిల్‌లో తీర్మానం చేసి జూన్ దాకా కొనకపోవడానికి పైసలు ఎవరో వాడుకోవడం కారణం కాదు. 2020లో వచ్చిన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డులు దేశం లోపలి చెల్లింపులకే తెరిచి వస్తయి, విదేశీ చెల్లింపు మనమే అడిగి తెరిపించుకోవాలె. కోశాధికారి కార్డు అట్ల తెరిపించినంక కూడా చెల్లింపు రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఆ రెండుసార్లు డబ్బు కట్ కాలేదని స్టేట్‌మెంట్‌లో చూడొచ్చు.

రెండో లైసెన్సు అడిగిన అన్నలకు: ఒక లైసెన్సు మీద ఆడేవారికి తెరిచిపెట్టగలిగేది ఒక సర్వరే, దాని మీద ఒక సమయంలో ఒక ప్రపంచమే (ఒక కథ మ్యాపులు, పాత్రలు అన్నీ కలిపి) నడుస్తది. శనివారం బృందం, ఆదివారం బృందం అని విడగొట్టింది అందుకే. రెండు బృందాలూ శనివారం రాత్రే ఆడాలంటే ఇంకో 4,478 కావాలె. బాకీలు వస్తే అప్పుడు ఆలోచిద్దాం.

అందరికన్న ఎక్కువ మాట పడ్డది సర్వర్ మీద. ఇంట్లో కంప్యూటర్ మీద ఫౌండ్రీ నడుస్తది, నిజమే. రౌటర్‌లో 30000 పోర్టు (నెట్ నుంచి లోపలికి వచ్చే దారి) తెరిస్తే బయటివారు రావాలె. కానీ మన దిక్కు చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఇంటింటికీ సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు, పది ఇండ్లకు కలిపి ఒకటే ఇస్తరు. చూసుకోవడం సులువు: రౌటర్ పేజీలో వాన్ అడ్రసు (నెట్ కంపెనీ ఇచ్చే బయటి అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీరు రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివారికి తలుపు మూసే ఉంటది. సొంత అడ్రసు కావాలంటే కంపెనీకి విడిగా కట్టాలె. ఉచిత టనెల్ (మధ్యలో ఇంకో సర్వర్ గుండా దారి ఇచ్చే సేవ) పెట్టుకోవచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగిండు, మంచి ప్రశ్న. టనెల్‌తో అడ్రసు చిక్కు పోతది. అప్‌లోడ్ వేగం మాత్రం ఇంటిదే మిగులుతది, ఆట మధ్యలో కరెంటు పోతే అందరి ఆట పోతది.

అప్‌లోడ్ లెక్క చూడండి. మన కోట మ్యాపు మొదట 18 ఎంబీ పీఎన్‌జీ బొమ్మ. ఆరుగురు ఒకేసారి తెరిస్తే 108 ఎంబీ పోవాలె. ఇంటి అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉంటే దాదాపు నిమిషంన్నర నల్ల తెర. అదే మ్యాపును వెబ్‌పీ (తక్కువ సైజు బొమ్మ ఫైలు) చేస్తే 2.4 ఎంబీ అయింది, అప్పుడు పన్నెండు సెకన్లు. కాబట్టి సర్వర్ ఉన్నా లేకున్నా మ్యాపులు వెబ్‌పీలోనే పెట్టండి, గడికి 100 పిక్సెల్స్ చాలు. 2 జీబీ ర్యామ్ సర్వర్ మన ఆటకు సరిపోతున్నది, పెద్దది తీసుకోలేదు.

డొమైన్ దండగ అన్నరు. హాస్టల్ వైఫైలో ఉండే సభ్యులకు 30000 పోర్టు తెరుచుకోదు, మామూలు వెబ్‌సైట్ల 443 పోర్టు అయితే తెరుచుకుంటది. ఆ పోర్టు మీద తాళం గుర్తుతో నడపాలంటే సర్టిఫికెట్ కావాలె. సర్టిఫికెట్ ఉచితమే, డబ్బు పోయేది డొమైన్ పేరుకే. తాళం లేకుంటే బ్రౌజర్ మైకు కూడా ఇయ్యదు. వీడియో కాల్ మాత్రం పెట్టలేదు: అందులో ప్రతి ఒక్కరూ మిగతా అందరికీ విడివిడిగా పంపాలె, మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆడేవారు మొదట పడిపోతరు.

మ్యాపుకు 1,500 ఎందుకంటే, గీసిన విద్యార్థి 40 గళ్లు వెడల్పు, 30 గళ్లు ఎత్తున పైకోట, దాని కింద గోదాము రెండూ గీసి ఇచ్చిండు. బయట మట్టికోట, లోపల రాతికోట, మధ్యల అగడ్త మన ఓరుగల్లు వరుసలోనే ఉన్నయి. అందులో గోడలు పెట్టేవారికి ఒక సంగతి: కీర్తితోరణాన్ని అడ్డంగ ఒకే గోడ గీతగా గీయొద్దు. టోకెన్‌కు తోరణం అవతల ఏమీ కనపడదు, దాటుడు కూడా కాదు. స్తంభాలకు చిన్న చిన్న గోడలు పెట్టి మధ్యల ఖాళీ వదిలేయాలె.

కొత్త ఫీచర్లు ఎప్పుడు పెడ్తరని అడుగుడు ఆగుతలేదు. 2024లో వచ్చిన ఫౌండ్రీ 12వ వెర్షన్‌లోని సీన్ రీజియన్లు (మ్యాపు మీద గుర్తు పెట్టే ప్రాంతాలు) పెట్టినం, ఎందుకంటే వాటితో పని తగ్గింది. మెట్ల గడుల మీద రీజియన్ గీసి టెలిపోర్ట్ పెడితే టోకెన్ పైకోట నుంచి గోదాములోకి దానంతటదే పోతది. ఉచ్చు ఉన్న గడిలో కాలు పెడితే ఆట ఆగేటట్టు కూడా పెట్టొచ్చు. దీంతో రెండు మాడ్యూళ్లు (ఫౌండ్రీకి తగిలించే అదనపు ప్రోగ్రాములు) తీసేసినం. 13కు మాత్రం ఇప్పుడే పోము. తెర రూపం లోపలి నుంచి మారింది, మనం వాడే మాడ్యూళ్లలో కొన్ని ఇంకా దానికి సిద్ధం కాలేదు. ఒకసారి ప్రపంచం కొత్త వెర్షన్‌కు మారితే వెనక్కి రాదు, పాత బ్యాకప్ ఎక్కించుడే దారి. అందుకని ముందు సర్వర్ ఆపి డేటా ఫోల్డర్ కాపీ తీయాలె. 2023లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి డేటాబేస్ తీరు మారింది, నడుస్తుండంగ కాపీ తీస్తే ఆ కాపీ పాడు కావచ్చు. సర్వర్ ఆపి తీసిన కాపీని వేరే కంప్యూటర్‌లో మార్చి చూసి, ఒక పోరాటం మొత్తం నడిపి, అప్పుడు అసలుదాన్ని ముట్టుకుంటం. తొందరపడి శనివారం సాయంత్రం అప్‌డేట్ నొక్కమంటే కమిటీ నొక్కదు.

కదిలే వీడియో మ్యాపులకు కూడా కాదన్నం. సభ్యుల్లో సగం మందివి గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాపులు. త్రీడీ పాచికలు ఉంచినం, బరువైతే ఎవరికి వారు సెట్టింగ్‌లో తీసేసుకోవచ్చు.

సర్వర్ కిరాయి నవంబర్ ఆఖరు వరకు కట్టి ఉంది. డిసెంబర్ నుంచి నెలకు 450. చేతిలో ఉన్న 793 ఒక్క నెలకే వస్తది. బాకీ 1,700 వస్తే ఏప్రిల్ దాకా కొత్త చందా అడగము. రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్ కోశాధికారి దగ్గర ఉన్నయి, ఆట రోజు వచ్చి ఎవరైనా చూసుకోవచ్చు. బాకీ ఉన్నవారు నవంబర్ 15 లోపల ఇయ్యగలరు.

ఇట్లు,
కమిటీ