జనవరిలో ఈడేల్ ప్రయాణం గురించి

మాంచెస్టర్,
నవంబరు 23

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. క్రిస్మస్ సెలవుల్లో ఏదైనా పల్లెకు పోయి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా నాలుగు రోజులు నడవాలని ఉందనీ, ఏర్పాట్లన్నీ నన్నే చూడమనీ రాశావు. ఏర్పాట్లు చూస్తాను కానీ, క్రిస్మస్ మాట మాత్రం వెనక్కి తీసుకో. ఇరవయ్యైదున ఇక్కడ రైళ్ళు అసలే నడవవు, మర్నాడు నడిచేవి కూడా వేళ్ళమీద లెక్కపెట్టుకోవాల్సినన్నే. ఆ పైన, పండగ భోజనం అరగడానికి ఇంటిల్లిపాదీ కుక్కతో సహా కొండెక్కడం ఈ దేశపు ఆచారం కనుక, నువ్వు కోరుకునే నిశ్శబ్దం ఆ వారంలో దొరకదు. జనవరి రెండో వారంలో, బడులు తెరిచాక, సోమవారం నుంచి గురువారం వరకు వెళదాం. గది అద్దె కూడా తగ్గుతుంది.

చోటు విషయంలో నాకు సందేహం లేదు. డార్బీషైర్‌లో, కొండల నడుమ లోయలో ఉన్న ఈడేల్ అనే పల్లెకు పోదాం. కారు అక్కర్లేదు. 1894లో తెరిచిన రైలుమార్గం మాంచెస్టర్‌కూ షెఫీల్డ్‌కూ మధ్య ఆ లోయ గుండానే పోతుంది. నువ్వు లండన్ సెయింట్ పాంక్రాస్‌లో ఎక్కి షెఫీల్డ్‌లో దిగి, అక్కడ ప్రతి ఊళ్ళోనూ ఆగే చిన్న రైలు పట్టుకుంటే, ఐదున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న టాట్లీ సొరంగంలోంచి కొండల్లోకి తేలుతావు. నేను పడమటి నుంచి కౌబర్న్ సొరంగం దాటి వస్తాను. ఇటువైపు సొరంగం దాటగానే లోయ ఒక్కసారిగా విచ్చుకునే ఆ క్షణం కోసం నేను ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చుంటాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పోయిన డిసెంబరులో నేను ఒక్కణ్ణే అక్కడికి వెళ్ళి, తీరిగ్గా టీ తాగి పదకొండు గంటలకు బయలుదేరి, జేకబ్స్ ల్యాడర్ అనే రాతి మెట్ల దారిన కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి ఎక్కాను. మూడున్నరకు ఇంకా పైనే ఉన్నాను, పొగమంచు కమ్మేసింది, చలికి ఫోను బ్యాటరీ చూస్తుండగానే ఖాళీ అయింది, టార్చి ఇంట్లో బల్లమీద భద్రంగా ఉంది. కిందికి దిగి లోయలోకి చేరాక కూడా, సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడ ఒకటి దొరికితే, గుడ్డివాడిలా దాని మీద చెయ్యి ఆనించి, తడిసిన నాచు చేతి తొడుగులోంచి వేళ్ళకు తగులుతుండగా, దాదాపు గంటసేపు నడిచి ఊరు చేరాను. ఏమీ కాలేదు గానీ, అప్పటి నుంచి చలికాలపు నడకను నేను వెలుతురుతో లెక్కకడుతున్నాను. జనవరి నడుమ అక్కడ ఎనిమిదింపావుకు తెల్లవారి, నాలుగుంపావుకు పొద్దుగూకుతుంది. ఆ ఎనిమిది గంటల్లోనూ కొండ చాటున ఉండే లోయకు ఎండ వాటా ఇంకా తక్కువ. కనుక తొమ్మిదికల్లా బయలుదేరడం, రెండు గంటలకు ఎక్కడ ఉన్నా వెనక్కి తిరగడం, మూడున్నరకు పొయ్యి పక్కన కూర్చోవడం మనం పెట్టుకోవాల్సిన నియమం. ‘ఇంకాస్త ముందుకు పోదాం’ అని నువ్వు అంటావని తెలుసు, అందుకే ముందే రాస్తున్నాను.

మొదటి రోజు ప్రయాణంతో సరిపోతుంది. రెండో రోజు వాతావరణం ఎలా ఉన్నా సరే, 517 మీటర్ల మామ్ టోర్ ఎక్కుదాం. ఊళ్ళోంచి హాలిన్స్ క్రాస్ అనే కనుమకు వెళ్ళే దారిని శవపేటికల దారి అంటారు. ఈడేల్‌కు సొంత చర్చి లేని రోజుల్లో చనిపోయినవారిని ఈ కొండ దాటించి అవతలి లోయలో పాతిపెట్టేవారట. చలికాలంలో ఎవరైనా పోతే ఆ మోసేవాళ్ళ గతి ఏమిటని ఎక్కేటప్పుడు ఆలోచించకుండా ఉండలేం. గాలి లేని చల్లని ఉదయాన మంచు లోయలోనే నిలిచిపోతే, శిఖరం మీద నుంచి అది పాలసముద్రంలా కనిపిస్తుంది. నువ్వు వంజంగిలో చూసి మురిసిపోయిన దృశ్యమే, కాకపోతే ఇక్కడ టీ కొట్టు ఉండదు.

ఆ కొండకు వణికే కొండ అనే పేరు కూడా ఉంది, ఎందుకంటే దాని తూర్పు ముఖం ఎప్పటి నుంచో జారుతూనే ఉంది. దాని పాదాన పోయే పెద్ద రోడ్డును దశాబ్దాల పాటు మరమ్మతు చేసి చేసి, చివరికి 1979లో చేతులెత్తేసి మూసేశారు. ఇప్పుడు దాని మీద కాలినడకన పోవచ్చు. విరిగి కుంగిన చోట వంగి చూస్తే, ఏ ఏటికాయేడు పోసిన తారు పొరలు తాపేశ్వరం కాజా మడతల్లా ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి, మధ్యలో తెల్ల గీత ఒకటి సగానికి తెగి గాలిలో ఆగిపోయి ఉంటుంది. శిఖరం కంటే నాకు ఆ రోడ్డే ఎక్కువ ఇష్టం.

మూడో రోజు వాన, గాలి లేకపోతేనే 636 మీటర్ల కిండర్. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ కార్మిక యువకులు, బెన్నీ రాత్‌మన్ నాయకత్వంలో, జమీందార్లు వేట కోసం మూసిపెట్టిన ఈ కొండమీదికి హేఫీల్డ్ వైపు నుంచి గుంపుగా ఎక్కారు. ఐదుగురు జైలుకు పోయారు. 1951లో ఈ ప్రాంతమే దేశంలో మొదటి నేషనల్ పార్కు అయింది. మనం టిక్కెట్టు కొనకుండా, ఎవరి అనుమతీ అడగకుండా నడవబోయేది వాళ్ళు పోట్లాడిన నేల మీదే. బురద లోతుగా ఉండే చోట్ల పరిచిన బండల్లో కొన్ని, కూలగొట్టిన నూలు మిల్లుల నుంచి తెచ్చినవట. మన నేతగాళ్ళ పొట్టకొట్టిన మిల్లుల నేల చివరికి మన కాళ్ళకింద పడుతుందన్నమాట! మంచు గడ్డకడితే మాత్రం అవి అద్దంలా జారతాయి, జాగ్రత్త.

ఆ మూడో రోజు వాతావరణం బాగోకపోతే కిండర్ జోలికి పోవద్దు. పేరు చివర బూత్ అని ఉండే ఐదు చిన్న పల్లెలు లోయ అడుగున ఉన్నాయి, పూర్వం పశువుల కాపరులు వేసుకున్న పాకల నుంచి వచ్చిన పేర్లవి. పొలాల గట్ల వెంట పసుపు బాణం గుర్తులు చూసుకుంటూ వాటిని చుట్టి రావడానికి సగం రోజు చాలు.

బూట్లు ఇప్పుడే కొని, రోజూ ఆఫీసుకు తొడుక్కుని వెళ్ళు. కొత్త బూట్లతో కొండెక్కితే రెండో రోజే మంచమెక్కుతావు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. తలకు కట్టుకునే టార్చి నీకొకటి నాకొకటి నేనే కొన్నాను. ఓఎల్ 1 అనే కాగితపు మ్యాపు నా దగ్గర ఉంది, లోయలో ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేం. చలికాలంలో పబ్బులు కొన్ని రోజులు వంట చేయవు కాబట్టి మధ్యాహ్నానికి పులిహోర నేను కలిపి తెస్తాను. చేతి తొడుగులు తీసి ఆ చలిలో వేళ్ళతో తినడం ఒక సాహసమే గాని, చెంచాతో పులిహోర తినేంత దూరం మనం ఇంకా పోలేదు.

గది వాళ్ళకు శుక్రవారంలోగా మాట చెప్పాలి. సోమవారం నీ రైలు ఎన్నింటికో రాయి. మీ అమ్మగారు పంపిన ఆవకాయ ఇంకా మిగిలి ఉంటే చిన్న సీసాలో తీసుకురా, పోయినసారిలా బట్టల మధ్య మాత్రం పెట్టకు.

నీ
మురళి