పేరు అడగడం మరిచిపోయిన అక్కకు

కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఉగ్గాని, బజ్జీ అమ్ముతాను. 2020లో తోపుడు బండ్లోళ్లకు పీఎం స్వనిధి కింద 10 వేలు అప్పు, అది టయానికి తీరిస్తే ఇంకా ఎక్కువ ఇస్తారని చెప్పినారు. సర్వే రోజు నేను ఊర్లో లేను, జాబితాలో పేరెక్కలేదు. బ్యాంకులో వీధి వ్యాపారి గుర్తింపు కార్డు లేదని రెండుసార్లు తిప్పి పంపినారు.

2022లో మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద దిగాలుగా కూర్చుంటే, "ఏమన్నా, ఏమైంది?" అని పలకరించింది నువ్వే. సర్వేలో లేకున్నా కార్పొరేషన్ సిఫార్సు లేఖ ఇస్తుందని నువ్వు చెప్పేదాకా నాకు తెలీదక్కా. (బోర్డు మీద రాసే ఉంటుందిలే, ఎవరు చూస్తారు!) పెన్ను రాయకపోతే అరచేతిలో గీకి, మోకాలి మీద కాగితం పెట్టుకుని నా అర్జీ రాసిచ్చినావు. నీ పని ఏమైందో అడగనేలేదు నేను.

ఆ 10 వేలతో కొత్త స్టవ్వు, రెండు మూటల బొరుగులు కొన్నాను. కంతులు తప్పకుండా కట్టినా. 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడింది. రెండో విడత కూడా తీర్చేసినా.

పొద్దున 7 నుంచి 10 దాకా బండి అక్కడే ఉంటుంది. ఒకసారి రాక్కా. బజ్జీ వేడిగా వేస్తా, దుడ్లు మాత్రం తీసుకోను.