కంపలోంచి బయటికి తీసిన పెద్దాయనకు

నిలబడితేనే కాలు జారే వాలు, మనిషెత్తు ముళ్లకంప. దాన్ని కొట్టడానికి వస్తామన్న కూలీలు రాలేదు, వానలు దగ్గరపడుతున్నాయని నేనే కట్టర్ మిషన్‌తో దిగాను. బ్లేడుకు తీగలు చుట్టుకుని మిషన్ ఆగిపోయింది. దాన్ని ఆఫ్ చేసి పక్కన పెట్టేలోపే జారి కంపలో పడ్డాను. లేవబోతే ముళ్లు ఇంకా లోపలికి దిగుతున్నాయి.

కింద దారిన పోతున్న మీరు ఎవరు, ఏమిటి అని అడగకుండా ఎక్కి వచ్చారు. "కదలకండి" అన్నారు. చెయ్యి పట్టుకుని లాగలేదు. కొడవలితో నా చుట్టూ ఉన్న కొమ్మల్ని ఒక్కొక్కటిగా కోసి, చొక్కాకు పట్టుకున్న ముళ్లను ఓపిగ్గా విడదీశారు. మీ చేతులు గీరుకుపోతున్నా, తొడుగులు తీసి నాకే ఇచ్చారు! ఆ ఒక్క పని తలచుకుంటే ఇప్పటికీ నోట మాట రాదు.

అంతటితో వెళ్లిపోయినా చాలు, నేను దండం పెట్టేవాణ్ణి. మీరు ఉండి పని ఎలా చెయ్యాలో కూడా చెప్పారు. పైకీ కిందికీ కాకుండా వాలుకు అడ్డంగా నడుస్తూ కోయాలన్నారు. కోసే మనిషికి దిగువన ఎవరూ ఉండకూడదన్నారు. వేళ్లు పీకేస్తే వానకు మట్టి జారుతుందని, మొదళ్లు ఉంచి చిగురు వచ్చినప్పుడల్లా కొట్టమన్నారు. నరికిన కంపను వాలుకు అడ్డంగా పేర్చి మరీ చూపించారు.

డబ్బులివ్వబోతే కోప్పడ్డారు. పేరు అడిగేలోపే దిగిపోయారు.

మీకు చాలా చాలా కృతజ్ఞతలు అండీ. మీ తొడుగులు ఉతికి ఉంచాను, అటు వస్తే తీసుకెళ్లండి.